మండిన వైపు

"మందు పని చెయ్యలేదక్కా" అంది మా చెల్లెలు, నా కత్తిరింపు బల్ల మీద కూలబడుతూ.

ఆ బల్ల మీద నేను ఎవర్నీ కూర్చోనివ్వను. అందులోనూ స్కూలు యూనిఫాం గుడ్డ పరిచి, సుద్దతో కొలతలు గీసి ఉంచాను. ఇంకెవరైనా అయితే టేపు పుచ్చుకుని తరిమేదాన్నే. దాని మొహం చూసి ఊరుకున్నాను.

"పని చెయ్యకపోవడమేంటే? ఎవడన్నాడు?"

"లెక్కలన్నాయి. నిన్న సీలు విప్పారు. ఎవరికి ఏ వైపు మందు పెట్టారో, ఏ వైపు ఉత్త జిగురు పెట్టారో తేల్చారు. రెండో ఆసుపత్రిలో మందు వైపే బాగుంది. పెద్దాసుపత్రిలో మాత్రం తలకిందులు. మందు పెట్టిన వైపు కంటే ఉత్త జిగురు పెట్టిన వైపే చిగుళ్లు గట్టిపడ్డాయి. రెండూ కలిపితే గుండుసున్నా."

కుట్టుమిషను మీదున్న నా కాలు అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే పెద్దాసుపత్రిలో ఆ మందు పెట్టించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి నా చెల్లెలికి తెలీదు.

ముందు ఈ చెల్లెలి గురించి చెప్పాలి. ఇంట్లో దాన్ని బుడ్డి అంటాం. బయట మాత్రం ప్రొఫెసరు గారు, లేచి నిలబడి నమస్కారం పెట్టే రకం. మా అమ్మకి షిఫ్టు డ్యూటీలు కాబట్టి దానికి జడలెయ్యడం దగ్గర్నుంచి ముక్కు తుడవడం దాకా నా పనే. అది పళ్ల డాక్టరు చదివింది కానీ పన్ను పీకడమంటే దానికి ఇష్టం లేదు. "పీకడానికేముందక్కా, ఊడబోయేదాన్ని నిలబెట్టాలి గానీ" అనేది. ఆ పిచ్చితోనే ఒక కాలేజీలో లెక్చరరుగా చేరింది. అక్కణ్ణుంచి పరిశోధనకని ఇంకో యూనివర్సిటీకి, అక్కడా కుదురు లేక మరో చోటికి ప్రొఫెసరుగా. మారినప్పుడల్లా అట్టపెట్టెలు కట్టింది నేనూ మా ఆయనా. ఒక చోట దానికి మెట్ల కింద గది ఇచ్చారు, తల వంచుకుని వెళ్లాలి. ఇంకో చోట గది పెద్దదే గానీ బీరువా నిండా సీసాల్లో పీకిన పళ్లు. "ఛీ ఛీ, వీటి మధ్య అన్నం ఎలా తింటావే" అంటే, "అవేం కరవవులే" అని నవ్వేది.

చివరికి ఇద్దరు పాత స్టూడెంట్లతో కలిసి కంపెనీ పెట్టింది. కింద టైల్సు షాపు, పైన వీళ్లు. యూనివర్సిటీ వాళ్లు వారంలో సగం పాఠాలు చెప్పు, సగం అక్కడికెళ్లు అని ఒప్పుకున్నారు. వాళ్లకి తెల్ల కోట్లు నేనే కుట్టాను. వాళ్లు చేసే మందు ఏంటంటే, చిగుళ్లు జారి, లోపల ఎముక అరిగి, పళ్లు కదిలేవాళ్లకి చిగుళ్ల కింద పెట్టే జిగురు లాంటిది. అది పెడితే ఎముక మళ్లీ పెరగాలి. సీసాల్లో పెరిగింది, జంతువుల్లో పెరిగింది. ఇక మనుషుల్లో చూడాలి.

చూడ్డానికి వాళ్లకో పద్ధతుంది. ఒకే మనిషి నోట్లో ఒక వైపు మందు కలిపిన జిగురు, రెండో వైపు ఉత్త జిగురు. ఏది ఏదో పెట్టించుకున్నవాళ్లకీ తెలీదు, పెట్టే డాక్టరుకీ తెలీదు. "అదే మనిషి, అదే తిండి, అదే ఉమ్మి. తేడా వస్తే అది మందు వల్లే రావాలి కదా" అని బుడ్డి నాకు గిన్నె, గరిటె పెట్టి మరీ చెప్పింది. భలే ఉందే అనుకున్నాను. ఎంత బాగా అర్థమైందో తర్వాత చెప్తాను.

ఏడాది తిరిగినా చాలినంత మంది రాలేదు. నోట్లో ప్రయోగమంటే ఎవడొస్తాడు? ఒకరోజు ఇది నా దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంకొంతమంది దొరక్కపోతే ఆపెయ్యమంటున్నారట. "నన్ను పెట్టుకోవే, నాకూ చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, రెండు వైపులా కదులుతున్నాయి" అన్నాను. "నువ్వు కుదరదు. అక్కవి. అయినవాళ్లు ఉండకూడదని రూలు" అంది.

రూలంట! జడలేసిన చేతికి రూలేంటి? నేను సరాసరి పెద్దాసుపత్రికి వెళ్లాను. అక్కడ దాని మొహం తెలిసినవాళ్లు లేరు, నా ఇంటిపేరు వేరు. "కంపెనీలో మీవాళ్లెవరైనా ఉన్నారామ్మా?" అని అడిగారు. "ఎవరూ లేరండీ" అన్నాను, కళ్లార్పకుండా. కంపెనీకి మా పేర్లు వెళ్లవు, నంబర్లే వెళ్తాయి. అందుకే నేనున్నానని బుడ్డికి తెలిసే దారే లేదు.

జిగురు పెట్టించుకుని ఇంటికొచ్చేలోపే ఎడమ వైపు మంట మొదలైంది. అబ్బా, మామూలు మంట కాదు. కుడి వైపు మాత్రం చల్లగా, ఏమీ పెట్టనట్టే ఉంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. చిన్నప్పుడు మోకాళ్లు చెక్కుకుపోతే అమ్మ రాసే మందు భగ్గున మండేది. మండని మందు మందేంటి? అయితే ఎడమ వైపే అసలు మందు, కుడి వైపు ఉత్తదన్నమాట అని తేల్చేసుకున్నాను.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. ఊరుకుంటే నేనెందుకవుతాను? నా చెల్లెలి మందున్న వైపుని పసిబిడ్డలా చూసుకున్నాను. ఎడమ వైపు ఒక్క మెతుకు నమలలేదు. ఉప్పునీళ్లు ఆ వైపే పుక్కిలించాను, మెత్తటి బ్రష్షు ఆ వైపే వాడాను. కుడి వైపుని గాలికొదిలేశాను. వేరుశెనగలు, ఎండు రొట్టె, జామకాయలు అన్నీ దానికే. "మంటగా ఉందా?" అని ఆసుపత్రిలో అడిగిన ప్రతిసారీ "అబ్బే, ఏం లేదండీ, హాయిగా ఉంది" అన్నాను. మంట ఉందని తెలిస్తే మందుకి చెడ్డపేరు వస్తుందని నా భయం.

పైగా అక్కడ బెంచీ మీద కూర్చునేవాళ్లందరికీ నేనే పెద్ద దిక్కునయ్యాను. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. "అమ్మాయ్, నాకు కుడివైపు నిప్పంటుకున్నట్టుంది, చెప్పేయనా?" అన్నాడు. "చెప్పకు బాబాయ్, మండే వైపే మందున్నట్టు. ఆ వైపు నమలకు, జాగ్రత్తగా చూసుకో. అది పెద్ద చదువులు చదివిన అమ్మాయి చేసిన మందు, పాడు చెయ్యకు" అన్నాను. ఆయన టిక్కెట్లు కొట్టినట్టు బెంచీ ఆ చివర నుంచి ఈ చివరదాకా అందరికీ అదే చెప్పాడు. అందరూ విన్నారు. నాకెంత గర్వంగా ఉందో! మందు గెలిచి తీరుతుందనుకున్నాను.

ఇదీ సంగతి. ఇప్పుడు నా బల్ల మీద కూర్చుని అది చెప్తోంది, పెద్దాసుపత్రిలో ఉత్త జిగురు వైపే గట్టిపడిందని.

అంటే మేమందరం కంటికి రెప్పలా కాపాడింది ఉత్త జిగురుని. రాళ్లూ రప్పలూ నమిలి అరగదీసింది దాని మందుని.

"టీ తాగుతావా?" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే. సిగ్గుండాలి నాకు.

అది తాగింది. తాగి, నిదానంగా చెప్పుకొచ్చింది. కంపెనీ మూసేస్తారట. యూనివర్సిటీ వాళ్లు పూర్తిగా వెనక్కి వచ్చెయ్యమంటున్నారట, విభాగంలో పెద్ద కుర్చీ ఖాళీగా ఉందట. "ముందు ఒక వ్యాసం రాయాలక్కా. నా ఆలోచనే తప్పని నేనే రాయాలి. లేకపోతే ఇంకెవరో ఇదే దారిలో వెళ్లి వాళ్ల బతుకు పాడు చేసుకుంటారు." ఆ మాట ఏడుస్తూ అన్నా బాగుండేది. నా సుద్దముక్క చేత్తో తిప్పుకుంటూ, క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పింది.

అది వెళ్లాక గుడ్డ మీద ముడతలు సాపు చేస్తూ నిలబడ్డాను. చెప్తే నన్ను ఏమంటుందో అన్న భయం ఒకటి. దానికంటే పెద్దది ఇంకోటి ఉంది. అది తనని తాను తిట్టుకుంటోంది, తిట్టాల్సింది నన్ను. ఆ తిట్లన్నీ అది తింటుంటే నేను టీ కలిపిచ్చాను.

మా ఆయనకి చెప్పాను. ఆయన నోట్లో మాట బయటికి రావడమే కష్టం. అంతా విని, చెప్పులేసుకుని, "పద" అన్నాడు.

"ఎక్కడికి?"

"బుడ్డి దగ్గరికి. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"రేపు చెప్తాలెండి, పాపం అలిసిపోయి ఉంటుంది" అన్నాను. మర్నాడు యూనిఫాంలు ఇచ్చే పనుందన్నాను. ఆ తర్వాత జలుబన్నాను. ఇలా సాకులు కుట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఈలోగా కండక్టరు బాబాయి నా కుట్టుషాపుకొచ్చాడు. ఎడమ దవడ పన్ను ఊడిపోయిందట, రుమాల్లో చుట్టి తెచ్చాడు. "పోతే పోయిందిలే అమ్మాయ్, ఉత్త వైపేగా. మందు వైపు రాయిలా ఉంది" అని నా ఎదుట సంతోషంగా నవ్వాడు. ఆ పంటి సందు చూశాక ఇక నాకు కూర్చోబుద్ధి కాలేదు. షాపు షట్టరు దించి నేరుగా కంపెనీకి వెళ్లాను.

మెట్ల మీదే అట్టపెట్టెలు అడ్డమొచ్చాయి. ఒక స్టూడెంటు ఫ్రిజ్‌లు ఖాళీ చేస్తున్నాడు, ఇంకొకడు గోడ మీది బొమ్మలు ఊడదీస్తున్నాడు. బుడ్డి లోపల గదిలో కంప్యూటరు ముందు ఉంది. తలుపేసి, నిలబడే అంతా చెప్పేశాను. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. మావాళ్లెవరూ లేరని అబద్ధం చెప్పిన దగ్గర్నుంచి బాబాయి పన్ను దాకా.

అది అరవలేదు. లేచి, చేతులు కడుక్కుని, చిన్న అద్దం, సన్నటి పుల్ల లాంటి పనిముట్టు తీసుకుంది.

"నోరు తెరు."

కిటికీ దగ్గర కుర్చీలో నన్ను వెనక్కి వంచి, ఒక్కో పన్నూ మీటి చూసింది. కుడి వైపు చాలాసేపు ఉంది.

"ఈ వైపేనా నమిలింది? అంతా?"

"అంతా" అన్నాను నోరు తెరిచే. "గింజలు కూడా."

"ఈ పాటికి ఊడి చేతిలోకి రావాలి. ఇంత బరువు మోసి..." అది అద్దం తీసేసి, నా మొహంలోకి చూసి ఒక్కసారి నవ్వింది. చిన్నప్పుడు పరుగుపందెంలో గెలిచొచ్చినప్పటి నవ్వు. "పని చేసిందక్కా! నా మందు పని చేసింది! మంట కూడా జిగురుదే. మందు కలిస్తే మంట తగ్గుతోంది. రెండో ఆసుపత్రిలో కొందరు మండిందన్నారు. పెద్దాసుపత్రిలో ఒక్కళ్లూ అనలేదు కాబట్టి ఆ రెండో ఆసుపత్రి డాక్టరు సరిగ్గా పెట్టడం లేదనుకున్నాం. నాకెలా తెలుస్తుంది? నాకెలా తెలుస్తుందే, మీరందరూ హాయిగా ఉందని చెప్తే!"

నవ్వు అక్కడ ఆగింది. పనిముట్లు పళ్లెంలో పడేసింది.

"నీకెవరు చెప్పారు, మండితే మందని?"

"చిన్నప్పుడు అమ్మ రాసే మందు..." అని నసిగాను.

"నాకెన్నాళ్లు పట్టిందో తెలుసా ఇది చెయ్యడానికి? నువ్వే కదా పెట్టెలు కట్టావు. ప్రతి చోటా నువ్వే కట్టావు."

"తిట్టవే. ఇంకా తిట్టు" అన్నాను. నిజంగానే అలా అనిపించింది. కొట్టినా బాగుండు అనుకున్నాను.

"తిడితే నీకు బరువు దిగుతుంది. నాకేం దిగుతుంది?"

అది మళ్లీ కంప్యూటరు ముందు కూలబడింది. తర్వాత అది తనలో తాను లెక్క వేసుకున్నట్టు మొదలుపెట్టింది. "నేను నోరు మూసుకుంటే మందు పోతుంది, నా పరువు మిగులుతుంది. కష్టపడింది, కుదరలేదు, నిజాయితీగా ఒప్పుకుంది అంటారు. కుర్చీ ఇస్తారు. చెప్తే, ఈ మందుని మళ్లీ మొదట్నుంచి పరీక్షించమని అడగొచ్చు. కానీ ఏమని చెప్పాలి? కంపెనీ చెల్లెలిది, నోరు అక్కది, ఆ అక్క ఆసుపత్రిలో అందర్నీ కూడగట్టింది, అదంతా నాకు తెలియదు అనా? ఎవరు నమ్ముతారు?"

"అయితే చెప్పకే" అన్నాను గబుక్కున. "నా తల్లివి కదూ, చెప్పకు. కుర్చీ తీసుకో. మందు పోతే పోయింది."

అది నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. కోపం కాదు. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "ఆ కండక్టరు గారి పన్ను ఊడింది కదా. ఆయనకి అది ఉత్త వైపనే చెప్పి ఊరుకోమంటావా? ఆ బెంచీ మీదున్న మిగతావాళ్లు ఇంకా అలాగే నములుతున్నారు" అంది. ఫోను తీసి నా ఎదురుగానే యూనివర్సిటీకి చేసింది. "ఒక విషయం చెప్పాలి సార్. పెద్దాసుపత్రిలో ఒకరు మా సొంత అక్క" అంది. అటువైపు ఏమన్నారో గానీ ఇది చాలాసేపు "అవును సార్, అవును" అంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పెద్దాసుపత్రికి వెళ్లాం. బాబాయికీ బెంచీ మీది వాళ్లందరికీ నేనే చెప్పాలని పట్టుబట్టాను. చెప్పాను. ఒకావిడ మొహం తిప్పేసుకుంది. బాబాయి మాత్రం రుమాలు జేబులో పెట్టుకుని, "అమ్మాయ్, నువ్వు చెప్తే నమ్మాను కదా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ తర్వాత యూనివర్సిటీలో విచారణ. పొడుగాటి బల్ల, దాని మీద నీళ్ల సీసాలు, అటువైపు ముగ్గురు. చెల్లెల్ని ముందు పిలిచారు, నన్ను తర్వాత. కూర్చోమన్నారు గానీ నేను కూర్చోలేదు. ఎందుకు చేరానో, ఎలా అబద్ధమాడానో, అందరికీ ఏం చెప్పానో పూసగుచ్చినట్టు చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

"మీరు చేరిన విషయం మీ చెల్లెలికి ముందే తెలుసా?" అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్దాయన.

"తెలీదండీ. వద్దని కూడా చెప్పింది."

ఆయన పెన్ను మూత పెట్టాడు. "చూడండమ్మా. కంపెనీలో మీవాళ్లెవరూ లేరని ఆసుపత్రిలో చెప్పారు. మంట లేదని ప్రతిసారీ చెప్పారు. ఇప్పుడు మీ చెల్లెలికి తెలీదని చెప్తున్నారు" అన్నాడు, చాలా మర్యాదగా.

"ఇది నిజమండీ!" అని అరిచాను. "ఒట్టు. ఇది నిజం!"

"సరేనమ్మా, వెళ్లిరండి" అన్నాడు.

నా బతుకులో నేను చెప్పిన ఒకే ఒక్క పనికొచ్చే నిజం, దాన్ని ఎవరూ పుచ్చుకోలేదు. నా నోటి మీద నేనే నమ్మకం లేకుండా చేసుకున్నాను, ఇప్పుడు ఆ నోరే చెల్లెల్ని కాపాడాల్సి వచ్చేసరికి చెల్లని రూపాయైంది.

తీర్పు ఆ సాయంత్రమే చెప్పారు. మందుని మళ్లీ పరీక్షిస్తారు, వేరే యూనివర్సిటీలో, వేరేవాళ్ల చేత. దాని దరిదాపుల్లోకి మా చెల్లెలు రాకూడదు. కుర్చీ మాట ఎవరూ ఎత్తలేదు.

బయట మా ఆయన ఆటో కోసం చూస్తున్నాడు. మేమిద్దరం గేటు పక్కన నిలబడ్డాం. పిల్లలు సైకిళ్ల మీద క్లాసుల నుంచి వస్తూ దానికి నమస్కారాలు పెడుతున్నారు. ఇది తల ఊపుతోంది. నేను ఉండబట్టలేక దాని చెయ్యి పట్టుకున్నాను.

"బుడ్డీ, నేను చేసింది నీ..."

"అనకు" అంది చెయ్యి లాక్కోకుండానే. "నా కోసమే చేశావని మాత్రం అనకు. ఆ మాట విన్నానంటే నిన్ను క్షమించాల్సొస్తుంది. ఇప్పుడే నాకు అంత ఓపిక లేదక్కా. కొన్నాళ్లు నన్ను కోపంగా ఉండనీ."

నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. "సరే" అన్నాను.